ముప్పై ఒకటో రోజు

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. విచారణ నాలుగింటికి. దారికి అరగంట తీసేస్తే నా చేతిలో మిగిలింది గంటా యాభై నిమిషాలు. ముప్పై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకున్నదాన్ని, ఇంతకంటే తక్కువ టైములో ఇంతకంటే పెద్ద గుట్టులే విప్పాను. అయినా ఆ మెట్లెక్కుతుంటే చిరాగ్గానే ఉంది. కేసు ఒప్పుకున్న దగ్గర్నుంచి ఒకటే అనుమానం నన్ను తొలిచేస్తోంది. వీళ్ళు నిజంగానే దొంగలేమో.

కింద టైర్ల రిపేరు షాపు, పైన రెండు గదులు. తలుపుకి బోర్డు కూడా లేదు. నన్ను పిలిపించిన పెద్దాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళు చమురు బావులు తవ్వే రిగ్గు యంత్రాల మీద పనిచేసిన డ్రిల్లర్. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. లోపల కూర్చున్న నిందితురాలికి మేనమామ.

"వచ్చారా తల్లీ! మా మేనకోడలు దొంగతనం చేసిందంటున్నారు. చేసుంటే చేసిందనే చెప్పండి. నేనేం అనుకోను."

"డబ్బిచ్చినవాళ్ళకి నచ్చేట్టు చెప్పే అలవాటు నాకు లేదండీ."

"అది కనుక్కున్నాకే మీకు ఫోన్ చేశా," అన్నాడాయన.

లోపలావిడకి నలభై ఉంటాయి. లారీ డ్రైవర్లు పెట్టిన పేరు బావులక్క, ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తారు. ఒకప్పుడు డ్రిల్లింగ్ కాంట్రాక్టరు గోడౌన్లో సామాన్ల చిట్టా రాసే గుమాస్తా. ఇప్పుడు చమురు, గ్యాసు బావులు తవ్వడానికి ఒక్కోదానికీ నిజంగా ఎంత ఖర్చయిందో లెక్కగట్టి చెప్పే సర్వీసు నడుపుతోంది. చందా కట్టిన చిన్న చిన్న కంపెనీలు కాంట్రాక్టరుతో బేరానికి కూర్చునే ముందు ఆమె పట్టిక చూసుకుంటాయి. ఖర్చు పోగా మిగిలినదాంట్లోనే భూమి ఇచ్చినవాళ్ళకి వాటా వస్తుంది కాబట్టి వాళ్ళూ చూసుకుంటారు. వాళ్ళ దగ్గర చందా తీసుకోదు.

కూర్చోకుండానే అడిగాను. "దొంగిలించారా?"

"లేదండీ."

"మరి పదిహేడో బావికి అయిన ఖర్చు కాంట్రాక్టరు సొంత మనుషులకే తెలియాలి. మీకెలా తెలిసింది?"

"తెలియలేదండీ. లెక్కగట్టాను."

అదే ధోరణిలో ఎంతోమంది మోసగాళ్ళు నాతో మాట్లాడారు. అందుకే కుర్చీ లాక్కుని, కట్టి చూపించమన్నాను.

చూపించింది. గోడ నిండా బావులున్న చోట్ల మ్యాపు, దాని కింద బావికో కాగితాల సంచి. రిగ్గు మామూలు బండి కాదు, రోడ్డెక్కాలంటే పర్మిట్ కావాలి, ఆ పర్మిట్ల జాబితా రోడ్ల శాఖ బోర్డు మీద అంటిస్తారు. దాన్నిబట్టి రిగ్గు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్ళిందీ తెలుస్తుంది. ఇనప పైపులు తెచ్చే లారీలూ, సిమెంటు ట్యాంకర్లూ కాటా ఎక్కాల్సిందే. ఆ కాటా చీటీల ఫొటోలు లారీ ఓనర్లే ఈమెకి పంపుతారు.

"వాళ్ళకేం పట్టింది పంపడానికి?"

"వచ్చే నెల ఏ రిగ్గు ఎటు పోతుందో నేను ముందే చెప్తానండీ. ఖాళీగా ఉన్న లారీలు అటు పంపుకుంటారు. నాకు చీటీ, వాళ్ళకి కిరాయి."

ఆరేళ్ళు. నాలుగు వందల పన్నెండు బావులు. ప్రతి అంకె పక్కనా అది ఎక్కడిదో రాసి ఉంది. నేను ఊరికే ఉండలేక, కిందటేడు ఒక గొడవలో అసలు ఖర్చు బయటపడ్డ బావి ఒకటుంటే దాని సంచి తీయించాను. అసలు ఖర్చు పదకొండు కోట్ల తొంభై లక్షలు. ఈవిడ ఆ గొడవకి ఎనిమిది నెలల ముందే వేసిన లెక్క పదకొండు కోట్ల డెబ్భై ఒకటి. రోడ్డు పక్కన నిలబడి లారీలు లెక్కపెట్టి! నా ఉద్యోగంలో సూటూ బూటూ వేసుకున్న సర్వేయర్లు కళ్ళెదురుగా కాలిపోయిన గోడౌనుకి ఇంత దగ్గరగా విలువ కట్టగా నేనెప్పుడూ చూడలేదు. నాకు ముచ్చటేసింది. మొహంలో కనబడనివ్వలేదు.

"చాలా గొప్పగా ఉంది," అన్నాను పొడిగా. "ఇప్పుడు పన్నెండో తారీఖు సంగతి చెప్పండి."

చెప్పింది ఆమె కాదు, మూల కంప్యూటర్ ముందు కూర్చున్న ఆమె తమ్ముడు. ముప్పై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలు, కొరికి కొరికి ఎర్రబడ్డ గోళ్ళు. పట్టికలన్నీ కంప్యూటర్లో నడిపేది అతనే.

"ఆంటీ, ఆ రోజు పొద్దున్న తొమ్మిదీ పావుకి అక్క పదిహేడో బావి చిత్తు లెక్క ముగించింది. పధ్నాలుగు కోట్ల అరవై రెండు లక్షల నలభై వేలు. పన్నెండింటికి బయటపెట్టాలి. పదకొండూ ఇరవైకి మావయ్య కళ్ళ డాక్టర్ దగ్గర్నుంచి వచ్చాడు. పదకొండూ నలభైకి తప్పు పట్టాడు. పద్దెనిమిది లక్షలు తగ్గించి, పన్నెండింటికి సరైన లెక్క పెట్టేశాం."

నన్ను ఆంటీ అన్నవాణ్ణి నేను సాధారణంగా క్షమించను. కానీ టైములు నిమిషాలతో సహా చెప్పాడు కాబట్టి వదిలేశాను.

"ఆ చిత్తు లెక్క చెరిపేయలేదా?"

"మేమేదీ చెరపమండీ," అంది బావులక్క. "తప్పు చేస్తే తప్పు కూడా అలాగే ఉంచుతాం. ఎవరు చేశారు, ఎవరు పట్టారు, ఎన్నింటికి పట్టారు, అన్నీ ఉంటాయి."

ఆ నిజాయితీయే ఆవిడ పీకకి చుట్టుకుంది. కాంట్రాక్టరు కంపెనీ ఫిర్యాదు ఇదీ: మా ఆఫీసులో బీరువాలో ఉండే లోపలి ఖర్చుల పుస్తకం దొంగిలించి, ఆ అంకెలే వీళ్ళు బయటపెట్టబోతున్నారు. ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజిస్ట్రార్ మనుషులు వచ్చి వెతికితే ఆ చిత్తు దొరికింది. పుస్తకంలోనూ పధ్నాలుగు కోట్ల అరవై రెండు లక్షల నలభై వేలు, చిత్తులోనూ అంతే, ఒక్క అంకె తేడా లేదు. దొంగతనం కనబడకుండా ఉండాలని చివర్లో పద్దెనిమిది లక్షలు కోసేశారని వాళ్ళ వాదన. ఇవాళ నాలుగింటికి రిజిస్ట్రార్ అది నమ్మితే సర్వీసుకి తాళం, ఆమెకి జైలు.

రెండూ పదికి మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఎవరో చూడకుండానే తెలిసింది నాకు. అంత తీరిగ్గా మెట్లెక్కేవాడు ఒక్కడే ఉన్నాడు. పన్నెండేళ్ళు నా కింద పనిచేశాడు. ఎండలో, వానలో, కాలిన ఫ్యాక్టరీలో కూడా చొక్కా మడత నలగదు. ఆ రోజుల్లోనే ఇస్త్రీబాబు అని పేరు పెట్టాను. ఇప్పుడు కాంట్రాక్టరు కంపెనీలో సెక్యూరిటీ పెద్ద.

"మేడమ్! రిటైరయ్యాక మనవల్ని ఆడించుకుంటున్నారనుకున్నా."

"ఆడిస్తున్నా. పెద్దవాడివి నువ్వే."

అతను నవ్వి, చంకలోంచి ఫైలు తీశాడు. విచారణకి ముందు రెండు పక్షాలూ ఒకరి కాగితాలు ఒకరు చూసుకోవచ్చని రిజిస్ట్రార్ ఉత్తర్వు. "చూడండి. చూడ్డమే, ఫొటోలు తీయకూడదు. ఈవిడ ఎంత మంచిగా మాట్లాడినా కరిగిపోకండి. లారీలు లెక్కపెట్టి ఆఖరి వెయ్యి దాకా సరిగ్గా చెప్పిందట. ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నారు?"

"ఆఖరి వెయ్యి దాకా సరిపోవడమే నాకూ నచ్చలేదు," అన్నాను.

ఖర్చుల పుస్తకం కాపీ తెరిచాను. ఒక పేజీ. సిమెంటు దగ్గర నా వేలు ఆగింది. నూట అరవై ఎనిమిది టన్నులు. బావులక్క చిత్తు పక్కన పెట్టి చూశాను. నూట అరవై ఎనిమిది టన్నులు.

"మీరెలా కట్టారీ నూట అరవై ఎనిమిది?"

"ఆరు ట్యాంకర్లు. ట్యాంకర్‌కి ఇరవై ఎనిమిది టన్నులు వేసుకుంటామండీ. నిజంగా బావిలోకి పోయేది అంత సరిగ్గా ఉండదు. కొంత మిగుల్తుంది, కొంత గడ్డకడుతుంది. బయట నిలబడ్డదాన్ని, నాకు గుండుగుత్త లెక్కలే గతి."

నేను ఇస్త్రీబాబు వైపు తిరిగాను. "మరి మీ వాళ్ళు లోపల ఉన్నారుగా. వాళ్ళకెందుకయ్యా గుండుగుత్త లెక్క? మిగిలిన సిమెంటు ఏమైంది? ఎవరైనా తిన్నారా?"

"గుమాస్తా సర్ది రాసుంటాడు."

"సరే. సర్దాడే అనుకుందాం. రిగ్గు అద్దె రోజుకెంత?"

"పద్దెనిమిది లక్షలు."

"పుస్తకంలో ఎన్ని రోజులు?"

"ముప్పై ఒకటి." అతని కనుబొమలు కొంచెం కదిలాయి. తెలివైనవాడు, నేను ఎటు పోతున్నానో పసిగట్టేశాడు. తీసేసిన పద్దెనిమిది లక్షలూ ఒక రోజు అద్దెకి సరిగ్గా సమానం.

గోడకి ఆనుకుని నిలబడ్డ పెద్దాయన్ని పిలిచాను. "పన్నెండో తారీఖున మీరు పట్టిన తప్పేమిటో ఈయనకి కూడా చెప్పండి."

పెద్దాయన కళ్ళు వెలిగాయి. నలభై ఏళ్ళ అనుభవాన్ని ఎవరో ఒకరు అడగడం కోసమే ఆయన ఎదురుచూస్తున్నట్టున్నాడు. "చూడు నాయనా. రిగ్గు మీద రోజంటే నీకూ నాకూ ఉండే రోజు కాదు. పొద్దున్న ఆరింటికి మొదలై మర్నాడు ఆరింటికి అయిపోతుంది. ఆరింటికి రిపోర్టు మీద సంతకం పడితే ఒక రోజు తెగినట్టు. పదిహేడో బావికి రిగ్గు ఒకటో తారీఖు పొద్దున్న వచ్చింది. ముప్పై ఒకటో తారీఖు తెల్లారగట్ల నాలుగున్నరకి వదిలేశారు. ఆరు కాలేదుగా? అది ముప్పయ్యో రోజులోకే వస్తుంది. ముప్పై ఒకటో రోజు అనేది లేనే లేదు."

"మరి మీ మేనకోడలు ముప్పై ఒకటి ఎందుకు వేసింది?" అని అడిగాను.

"పర్మిట్ మీద తారీఖులే ఉంటాయండీ, టైము ఉండదు," అంది బావులక్క. "ఒకటి నుంచి ముప్పై ఒకటి అని ఉంటే కేలెండర్ చూసి లెక్కపెట్టేశా. గోడౌన్లో పనిచేశాను గానీ రిగ్గెక్కినదాన్ని కాదు కదా. రిగ్గు సామాను మోసిన మొదటి లారీ కాటా చీటీలో నాలుగూ యాభై అని టైము చూశాక గానీ మావయ్య చెప్పింది బుర్రకెక్కలేదు. నిజంగా పప్పులో కాలేశాను."

తన తప్పు గురించి మాట్లాడుతూ కూడా ఆవిడ ఎక్కడా నీళ్ళు నమల్లేదు. నాకు ఆవిడంటే గౌరవం కలిగిందని ఇక దాచుకోవడం అనవసరం అనిపించింది.

ఇస్త్రీబాబు ఊరుకోలేదు. "అయితే ఏమైంది? మా గుమాస్తా కూడా పప్పులో కాలేశాడు. ఆ తప్పుతో సహా ఈవిడ కాపీ కొట్టింది. తప్పు కలిసిందంటే దొంగతనం ఇంకా గట్టిపడింది మేడమ్. ఈ పాఠం నాకు మీరే నేర్పారు."

"పూర్తిగా నేర్పానా? తప్పు రెండుచోట్ల కలిస్తే, ఆ తప్పు పుట్టడానికి ఎవరి దగ్గర కారణం ఉందో చూడమన్నాను. బయటున్న మనిషి దగ్గర తారీఖులే ఉన్నాయి. మీ దగ్గర రిగ్గు ఓనర్ బిల్లు ఉంది. ఎన్ని రోజులకి డబ్బు కట్టారో మీ అకౌంట్సుకి ఫోన్ చెయ్యి. ఒక్క ఫోను. నీకు భయమైతే మానెయ్."

అతను నన్ను కోపంగా చూశాడు. కానీ ఫోన్ తీశాడు. అందుకే పన్నెండేళ్ళు వాణ్ణి నా దగ్గర ఉంచుకున్నాను. వాడికి పొగరుంది, టెక్కుంది, అబద్ధం మాత్రం లేదు.

"పదిహేడో బావి... రిగ్గు బిల్లు... ఎన్ని రోజులకి?" విన్నాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ విన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. టైము రెండూ యాభై ఐదు.

"ముప్పై," అన్నాడు చివరికి. "ముప్పై రోజులకే కట్టారు."

పెద్దాయన "అదీ!" అని తొడ చరిచాడు. బావులక్క కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. నేను గెలిచేశాననుకున్నాను. అంత తొందరపాటు నాకు ఈ వయసులో పనికిరాదు.

"ఆగండి మేడమ్," అన్నాడు ఇస్త్రీబాబు. గొంతులో వెటకారం పోయింది, పని మాత్రం మిగిలింది. "పుస్తకం దొంగదే. నా చేతికి అబద్ధం ఇచ్చి నన్ను మీ మీదకి పంపారు. ఆ సంగతి నేను చూసుకుంటాను. కానీ ఈ ఫిర్యాదు మీద ముద్ర చూశారా?"

చూపించాడు. రిజిస్ట్రార్ ఆఫీసు ముద్ర. పన్నెండో తారీఖు, పదకొండూ ఐదు.

"మా వాళ్ళు ఈవిడ చిత్తు చూసి పుస్తకం పుట్టించారంటున్నారు మీరు. ఒప్పుకుంటాను. హడావుడిలో రోజులు కూడా సరిచూసుకోలేదు. అయితే తొమ్మిదీ పావుకి ఇక్కడ పుట్టిన అంకె పదకొండూ ఐదుకల్లా మా వాళ్ళ దగ్గరికెలా వచ్చింది? ఈ గదిలోంచే వెళ్ళింది."

వాడు నా శిష్యుడని మర్చిపోయాను. ముద్ర మీద టైము నేను చూడాల్సింది. సిగ్గేసింది.

పదకొండూ ఐదుకి పెద్దాయన కళ్ళ డాక్టర్ దగ్గర ఉన్నాడు. ఉండకపోయినా ఆయన కాదు. ముప్పై ఒకటి అనే తప్పుని ఆ మనిషి చూస్తూ ఒక్క నిమిషం కూడా వదిలేసేవాడు కాదు. ఇక మిగిలిందెవరో నాకు అర్థమయ్యేసరికి, నాకంటే లెక్కలు వేగంగా వచ్చిన ఆవిడకి ఎప్పుడో అర్థమైపోయింది. కుర్చీ తిప్పుకుని కంప్యూటర్ వైపు చూస్తోంది.

"అప్పటికి ఆ అంకె తెలిసింది ఇద్దరికేరా," అంది. "నాకూ నీకూ."

తమ్ముడు తల వంచుకుని గోళ్ళు కొరుకుతున్నాడు. పెద్దాయన ఒక అడుగు ముందుకేస్తే, బావులక్క చేత్తో ఆపింది.

"ఎంతిచ్చార్రా?"

"డబ్బు కాదక్కా!" ఆ అరుపుకి కింద టైర్ల షాపులో సుత్తి చప్పుడు కూడా ఆగింది. "పదకొండో తారీఖు సాయంత్రం ఒకడొచ్చి ఫోన్లో వీడియో చూపించాడు. నువ్వు స్కూటర్ మీద పోతున్నావు. నీ వెనక లారీలోంచి తీశారు. నాలుగు కిలోమీటర్లు నీ వెనకే ఉంది. ఒక మలుపులో ముందు చక్రం నీకు జానెడు దూరంలో ఉంది. నీకు తెలీనేలేదు. పదిహేడో బావి లెక్క మాకివ్వు, మిగతాది విచారణలో తేల్చుకుంటాం, లేకపోతే ఈసారి బ్రేకు వెయ్యం అన్నాడు."

"నాకు చెప్పొచ్చు కదరా."

"చెప్తే ఆగేదానివా? ఏనాడైనా నా మాట విన్నావా? ప్రభుత్వం ఆపితే ఆగుతావనుకున్నా. జైలని తెలీదక్కా. సర్వీసు పోతే మళ్ళీ కట్టుకుంటాం. నువ్వు పోతే నేనేం చేసుకోవాలి ఈ అంకెలన్నీ?"

బావులక్క లేచి వెళ్ళి అతని తల తన పొట్టకి ఆనించుకుంది. చిన్నప్పుడు కూడా అలాగే చేసేదేమో. రెండు నిమిషాలు అలా ఉండి, చెంగుతో తన మొహం తుడుచుకుంది, తర్వాత అతని కళ్ళద్దాలు తుడిచి పెట్టింది.

"ఇప్పుడు చెప్పింది రిజిస్ట్రార్ ముందు చెప్తావా?"

"చెప్తే వాళ్ళు..."

"చెప్తావా, లేదా?"

"చెప్తాను."

మూడూ ఇరవై ఐదైంది. నేను కాగితాలు సర్దుతుంటే ఇస్త్రీబాబు కిటికీ దగ్గర్నుంచి కదలకుండా నన్ను పిలిచాడు. పక్కకెళ్ళి చూశాను. రోడ్డుకి అవతల, టైర్ల షాపుకి ఎదురుగా లారీ ఒకటి ఆగి ఉంది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. డ్రైవర్ సీట్లోనే కూర్చుని మా మెట్ల వైపే చూస్తున్నాడు. మెట్ల పక్కన బావులక్క స్కూటర్ ఉంది.

"నేను వచ్చినప్పుడు అది లేదు," అన్నాడు మెల్లగా. "నంబరు చూశా. మా బండే."

పోలీసులకి ఫోన్ చేస్తే వచ్చేసరికి నాలుగు దాటుతుంది. మనిషి రాకపోతే విచారణ ఆమెకి వ్యతిరేకంగా ముగిసిపోతుంది. ఆమె స్కూటరెక్కితే గుద్దేయడం, లేదా భయపడి గదిలోనే ఉండిపోయేట్టు చేయడం, ఆ లారీకి కావాల్సింది ఈ రెంటిలో ఏదైనా ఒకటే.

ఇస్త్రీబాబు కంపెనీ బ్యాడ్జి మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు, కారు తాళాలు బయటికి తీశాడు. మొదటిసారి అతని చొక్కా చంకల్లో తడిసి నలిగిపోయి ఉండటం చూశాను.

"నా కారులో రండమ్మా," అన్నాడు బావులక్కతో. "డోరు మీద ఇంత లావు అక్షరాలతో కంపెనీ పేరుంది. కంపెనీ కారుని కంపెనీ లారీ గుద్దదు."

ఆమె కిటికీలోంచి లారీని చూసింది. చక్రాలు లెక్కపెట్టిందని ప్రమాణం చేసి చెప్పగలను. తర్వాత పదిహేడో బావి సంచి భుజానికి తగిలించుకుని, తమ్ముడి చేయి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

"వెనక సీట్లో కిందకి వంగి కూర్చోండి," అన్నాన్నేను.

"లేదండీ," అంది బావులక్క. "నేను ముందు సీట్లో కూర్చుంటా. ఆ డ్రైవరుకి నా మొహం కనబడాలి."